నీచు లేని సముద్రం

సెంటు సీసాని కూడా ఒక రచనని చదివినట్టే చదవొచ్చు. అందులో ఏం పెట్టారు, ఏం తీసేశారు, ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతోంది అని అడగొచ్చు. జార్జియో అర్మానీ సంస్థ 1996లో మగవాళ్ళ కోసం తెచ్చిన 'ఆక్వా ది జియో' అలా చదవదగ్గ సీసా. 'నీటి వాసన' సెంట్లు అనగానే మొదట చెప్పుకునే పేర్లలో అదొకటి.

ఒంటిమీద చల్లుకోగానే నిమ్మజాతి పండు తొక్క గిల్లినట్టు చురుగ్గా ఉంటుంది. కాసేపటికి పుచ్చకాయ కోసినప్పటి తడి, దాని వెనక ఉప్పగాలి. చివరికి చర్మం మీద మిగిలేది దేవదారు చెక్క వాసన, ఉతికి ఆరేసిన బట్టని గుర్తుచేసే కస్తూరి వాసన. మధ్యలో మల్లెజాతి పూల పరిమళం కూడా ఉంది, పువ్వని పట్టుబడకుండా నీళ్ళ మాటున. నిజం చెప్పాలంటే బావుంటుంది. రాజోలు నుంచి అమలాపురం దాకా ఉక్కపోతలో బస్సులో నిలబడి వచ్చే మనిషికి, ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టు కనిపించాలనే కోరిక ఉండటంలో వింతేముంది? అసలు సీసా అందనివాళ్ళకి దాని పోలికలో చవక సెంట్లు ఉండనే ఉన్నాయి.

ఇలాంటి సెంట్లలోని తడికి ముఖ్యమైన ముడిసరుకు కాలోన్ అనే రసాయనం. ఫైజర్ కంపెనీ శాస్త్రవేత్తలు 1966లో దాన్ని కనుక్కున్నారు. ఇస్సే మియాకే 1992లో స్త్రీల కోసం తెచ్చిన 'లో డిస్సే'లో ఉన్నదీ అదే. ఒకే అణువు ఒక సీసాలో ఆడది, ఇంకో సీసాలో మగది అయింది! తేడా అంతా సీసా మీది పేరులోనూ, ప్రకటనలోని బొమ్మలోనూ ఉంది.

మన భాషలో మాత్రం నీటి వాసనకి వేరే చరిత్ర ఉంది. చేప వాసనని మనం 'నీచు' అంటాం. మనిషిని కిందకి నెట్టే 'నీచం' ఆ మాట పక్కనే కూర్చుని ఉంటుంది. వాడుకలో ఆ రెండూ ఒకదాన్నొకటి తాకకుండా ఉండవు. ఈ నీచు ఎవరి ఒంటిమీద ఉంటుంది? చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగే మత్స్యకార స్త్రీ ఒంటిమీద. రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులుంచి తలలు తుంచే కూలీ చేతుల మీద. బస్సులో పక్క సీటు ఖాళీగా మిగిలిపోయేది ఆమెకే. గోదావరికి వరద వచ్చే రోజుల్లో పులస విషయానికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. ఆ పుస్తెలు ఎవరి మెడలోవో, చేపని కడిగి కోసి పులుసు పెట్టేది ఎవరో సామెత చెప్పదు. తినేవాడికి రుచి దక్కుతుంది, కడిగినామె చేతులకి నీచు మిగులుతుంది.

ఆక్వా ది జియో చేసిన పని ఈ నీచుని తీసేయడమే. దాని సముద్రంలో చేప లేదు, బురద లేదు, వల లేదు, పని లేదు. భయమూ లేదు. ఆ సెంటు బజారుకొచ్చిన 1996లోనే, నవంబరు 6న, తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు నేలకొరిగాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం సెంటు మీద నేరం మోపడానికి కాదు. నీళ్ళని విహారంగా మాత్రమే ఊహించుకోగలగడం కొందరికే దొరికే సౌకర్యమని గుర్తుచేసుకోవడానికి.

అయితే తీర్పు తొందరపడకూడదు. మత్స్యకార పల్లె నుంచి కాలేజీకి వచ్చే కుర్రవాడు ఇలాంటి చవక సెంటు చల్లుకుంటే దాన్ని షోకు అని కొట్టిపారేయలేం. ఊరూ కులమూ చెప్పని వాసన అతనికి కావాలి. క్లాసులో ఎవరూ ముక్కు మూసుకోకుండా ఉండాలని కోరుకోవడం ఆత్మగౌరవమే. కానీ ఆ వెసులుబాటు అతని తల్లికి లేదు. ఆమె సెంటు రాసుకుని చేపల తట్ట ఎత్తుకుంటే ఊరు నవ్వుతుంది, ఆమె నడవడి గురించి మాట్లాడుతుంది. అదే సెంటు కొడుక్కి శుభ్రత అవుతుంది, తల్లికి అనుమానం అవుతుంది.

శుభ్రతని తయారుచేసేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది స్త్రీలు కువైట్‌కీ, ఇతర గల్ఫ్ దేశాలకీ ఇంటిపనికి వెళ్ళారు, ఇంకా వెళ్తున్నారు. సెలవుకి వచ్చేటప్పుడు వాళ్ళ పెట్టెల్లో తమ్ముళ్ళకీ, మొగుళ్ళకీ సెంటు సీసాలుంటాయి. పరాయి ఇళ్ళ నేలలూ, స్నానాలగదులూ కడిగిన జీతంతో కొన్న 'తాజాదనం' అది. చల్లుకున్నవాడు తాజాగా కనబడతాడు. కొన్నామె చేతుల్లో బ్లీచింగ్ వాసన ఉంటుంది.

వాసనల్ని ఆడా మగా అని విడదీయడం సహజమేనని ఎవరైనా అంటే మొగలిపొదని చూపించాలి. మొగలిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఘుమఘుమలాడేది మగచెట్టు పువ్వు. ఆ రేకుల్ని తరతరాలుగా జడల్లో పెట్టుకున్నది ఆడవాళ్ళు. దాన్ని మగవాసన అని ఎవరూ అనలేదు.

ఆక్వా ది జియో మంచి సెంటే. ఎవరు చల్లుకున్నా బావుండే సెంటు. అది అమ్మే మగతనంతోనే నా పేచీ. ఆ మగతనానికి నీటి చల్లదనం కావాలి, నీటిలో పనిచేసే మనిషి మాత్రం దగ్గరికి రాకూడదు. కడిగిన సముద్రాన్ని సీసాలో కొనుక్కునే మనం, కడగని సముద్రాన్ని నెత్తిన మోసుకొచ్చే ఆమె పక్క సీటులో కూర్చుంటున్నామా లేదా అన్నది చూసుకోవాలి.