బిగుసుకున్న చేయి, ఆగని నోరు

మానసిక వ్యాధికి ఏళ్లుగా మందులు వాడుతున్నవారి చీటీ తీసి చూస్తే, హాలోపెరిడాల్ కింద తరచూ ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. అని ఉంటుంది. దాని వ్యాపార నామం పాసిటేన్ అని అడిగితే మెడికల్ షాపులో చటుక్కున ఇస్తారు. టెట్రాబెనజిన్ పేరు వినని కుటుంబాలే ఎక్కువ. రెండూ అదుపు తప్పిన కదలికలకు ఇచ్చేవే, కానీ మెదడులో వాటి పని వేరు. ఒకదాని చోట ఇంకొకటి వాడితే జబ్బు ముదరవచ్చు.

మెదడు లోపలి స్ట్రయేటమ్‌లో డోపమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాలు తక్కెడకు రెండు పళ్లేల్లాంటివి. హాలోపెరిడాల్ డోపమిన్ గ్రాహకాలను మూసేయగానే ఎసిటైల్‌కోలిన్ వైపు బరువు పెరుగుతుంది. చేతులు బిగుసుకుంటాయి, అడుగు చిన్నదవుతుంది, ఒళ్లో ఊరికే పెట్టుకున్న చేతిలో బొటనవేలు చూపుడువేలిని రుద్దుతూ వణుకుతుంది. ట్రైహెక్సీఫెనిడిల్ ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడి ఆ బరువు దించుతుంది. 1949 నుంచీ ఉన్న మందు, చవక, చాలామందికి గుణమిస్తుంది. ఆ మేలు చిన్నదేమీ కాదు.

చిక్కంతా ఆ తర్వాతే. ఏళ్ల తరబడి మూసి ఉంచిన గ్రాహకాలు కాస్త డోపమిన్ తగిలినా రెచ్చిపోతాయని చాలామంది నిపుణుల అభిప్రాయం. నోట్లో ఏమీ లేకున్నా దవడ నములుతూనే ఉంటుంది. నాలుక ఉండుండి బయటికొస్తుంది, పెదాలు చప్పరిస్తాయి. ఆపమంటే కాసేపు ఆపుతారు, మళ్లీ మొదలు. ఇదే టార్డివ్ డిస్కైనీసియా. ఇక్కడ తక్కెడ అప్పటికే డోపమిన్ వైపు వాలి ఉంది. ట్రైహెక్సీఫెనిడిల్ దాన్ని మరింత వాలుస్తుంది. పైగా నోరెండడం, మలబద్ధకం, వయసు మళ్లినవారిలో మతిమరుపు, అయోమయం.

టెట్రాబెనజిన్ గ్రాహకాల దాకా పోదు, సరఫరాను తగ్గిస్తుంది. నరకణం డోపమిన్‌ను చిన్న చిన్న సంచుల్లో నింపుకుంటుంది. నింపే పని వీమ్యాట్-2 అనే ప్రోటీన్‌ది. ఈ మందు దాన్ని అడ్డుకుంటే సంచుల్లోకి చేరని డోపమిన్‌ను కణంలోని ఎంజైములే విరగ్గొడతాయి. అవతలి కణానికి అందేది తగ్గుతుంది. కొన్ని గంటల్లో పట్టు వదిలేస్తుంది కనుక మోతాదు సర్దుకోవడం సులువు. 2008లో అమెరికాలో దీన్ని హంటింగ్టన్ వ్యాధిలోని కొరియా అనే అదుపు తప్పిన కదలికలకు అనుమతించారు. ఇదే పద్ధతిలో పనిచేసే వాల్బెనజిన్ 2017లో అక్కడ టార్డివ్‌కు ఆమోదం పొందిన తొలి మందు.

అలాగని దీన్ని నెత్తికెత్తుకోలేం. సెరటోనిన్‌ను సంచుల్లో నింపేదీ ఆ వీమ్యాట్-2యే. మనసు కుంగిపోవచ్చు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు. మోతాదు మించితే పైన చెప్పిన బిగుసుకుపోవడమే వస్తుంది. అసలే మనసు దెబ్బతిన్నవారికి ఇస్తున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. అయినా నా తీర్పు ఇది: టార్డివ్‌కు టెట్రాబెనజిన్ పనితీరు తగినది. ట్రైహెక్సీఫెనిడిల్ ఆ చీటీలో ఎక్కువగా అలవాటు కొద్దీ మిగిలిపోతోంది. ముందు జాగ్రత్తగా అందరికీ దాన్ని ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే చెప్పింది.

మీ ఇంట్లో ఎవరికైనా నోరు అలా కదులుతుంటే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. ట్రైహెక్సీఫెనిడిల్ ఇంకా అవసరమా అని అడగండి. ఏ మాత్రనూ సొంతంగా ఆపేయకండి.