కళాశాల వెబ్‌సైటు – వర్డ్‌ప్రెస్ : ఒక పరిశీలన

ఒకప్పుడు కళాశాల వెబ్‌సైటులో ఒక్క తేదీ మార్చవలెనన్నను హెచ్.టి.ఎం.ఎల్. తెలిసినవారిని పిలువవలసి వచ్చెడిది. ఆ ఇబ్బందిని తొలగించినవి కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టములు. తెలుగున వీనిని విషయ నిర్వహణ వ్యవస్థలు అనవచ్చును. వీనిలో మిక్కిలి ప్రచారము పొందినది, 2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు ప్రారంభించిన వర్డ్‌ప్రెస్. ఇది ఉచితముగా లభించును. కళాశాల పనికి ఇది ఎంతవరకు తగినదో విచారింతము.

విషయమును, రూపమును వేరుచేయుట దీని మూలసూత్రము. ఉపాధ్యాయుడు టైపుచేసిన మాటలు డేటాబేసులో చేరును. పాఠకుడు పుటను కోరినప్పుడు ‘థీమ్’ అను మూస ఆ మాటలకు రంగును, అమరికను కల్పించి చూపును. కావున వ్రాయువాడు వ్రాతను చూచుకొనిన చాలును. 2018 డిసెంబరులో వెలువడిన 5.0 కూర్పు నుండి పేరా, బొమ్మ, పట్టిక మున్నగువానిని వేర్వేరు ‘బ్లాకులు’గా అమర్చుచున్నారు. పని సులువైనది. కాని పెక్కు బ్లాకులకు రంగును, అక్షర పరిమాణమును మార్చు మీటలు చేతికందుటచే, వేరుచేసిన రూపము మరల వ్రాతలోనికి చొరబడుచున్నది.

దీని రెండవ గుణము జ్ఞాపకశక్తి. పుటను సవరించినప్పుడు పాత ప్రతి ‘రివిజన్’గా నిలుచును. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చిరో పోల్చి చూడవచ్చును. అధికారములకును అంతరువులు కలవు. ‘కంట్రిబ్యూటర్’ ప్రకటనను వ్రాసి పంపగలడేగాని ప్రచురింపలేడు. ‘ఎడిటర్’ పరిశీలించి ప్రచురించును. గుమాస్తా చిత్తు వ్రాయుట, ప్రిన్సిపాలు సంతకము చేయుట వంటిదే ఇది. ఒకే సంకేతపదమును అందరును వాడుకొనినచో ఈ ఏర్పాటు వ్యర్థమగును.

అయితే ఈ జ్ఞాపకశక్తి పుటలో వ్రాసిన మాటలకేగాని జతచేసిన ఫైళ్ళకు లేదు. చిక్కంతయు ఇచ్చటనే. పరీక్ష ఫీజు ప్రకటనను అచ్చువేసి, సంతకము చేయించి, స్కాన్ చేసి, పి.డి.ఎఫ్.గా ఎక్కించుట అనేక కళాశాలలలో పరిపాటి. గడువు ముందునకు జరిగినదనుకొనుడు. సవరించిన ఫైలును అదే పేరుతో ఎక్కించినను, వర్డ్‌ప్రెస్ పాతదానిని తొలగింపదు. క్రొత్తదాని పేరు చివర ‘-1’ చేర్చి రెండింటిని ఉంచును. పాత లంకె పాత ఫైలునకే దారితీయును. దానిని నమ్మిన విద్యార్థి అపరాధ రుసుము చెల్లింపవలసి వచ్చును, లేదా పరీక్షకే దూరమగును. చూపులేని విద్యార్థి కష్టము మరింత ఎక్కువ. స్కాన్ చేసినది అక్షరముల ఛాయాచిత్రమేగాని అక్షరములు కావు. వానిని గుర్తించు వేరు ప్రక్రియ జరుపనిదే, స్క్రీన్ రీడరునకు అందు చదువుటకేమియు ఉండదు.

మరియొక కొరత కలదు. ప్రకటనను ఫలానా దినమున ప్రచురింపుమని ముందుగా నిర్ణయింపవచ్చును. ఫలానా దినమున తొలగింపుమనుటకు మాత్రము మూల వ్యవస్థలో వీలులేదు. అందులకు వేరుగా ప్లగిన్ చేర్చుకొనవలెను. గోడపలకపై నిండిన కాగితములను బంట్రోతు ఊడదీయును. వెబ్‌సైటులో ఆ పని ఎవరిదో కళాశాలయే నిర్ణయింపవలెను.

ఇన్ని లోపములున్నను వర్డ్‌ప్రెస్ కళాశాలకు తగిన సాధనమే. దాని బలమున్నచోట దానిని వాడుకొనవలెను. తేదీలను, ఫీజులను పుటలోనే యూనికోడ్ అక్షరములతో టైపుచేయుట మేలు. సంతకపు ప్రతిని దాని క్రింద జతచేయవచ్చును. మార్పు వచ్చినప్పుడు క్రొత్త ప్రకటన పెట్టక, ఆ పుటనే సవరించి, సవరించిన తేదీని పైన వేయవలెను. అప్పుడు పాత లంకె పట్టుకొని వచ్చిన విద్యార్థికిని సరియైన గడువే కనిపించును.