ఆ బిందె బరువెంత?

తెలుగులో తొలి ఆత్మకథల్లో ఒకటి కందుకూరి వీరేశలింగం గారి 'స్వీయచరిత్రము'. సభలూ, వ్యాజ్యాలూ, ప్రత్యర్థుల ఎత్తులూ అన్నీ వివరంగా ఉంటాయి. నేను మాత్రం దాన్ని రాజ్యలక్ష్మమ్మ గారి కోసం చదువుతాను.

పుట్టింట్లో ఆవిడ బాపమ్మ. అత్తింటికొచ్చాక రాజ్యలక్ష్మి అయ్యారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వెలి భయంతో వంటవాళ్ళూ, నీళ్ళు తెచ్చేవాళ్ళూ మానేశారు. పంతులుగారు వెనక్కి తగ్గలేదంటాం. నిజమే. మరి గోదావరి నుంచి బిందె మోసిందెవరు? ఇంటిల్లిపాదికీ వండి వార్చిందెవరు? ఆవిడే కదండీ!

పంతులుగారు కృతఘ్నులు కారు. భార్యను మెచ్చుకుంటూనే రాశారు. మనమూ మెచ్చుకుంటాం, 'భర్తకు సాయపడిన ఇల్లాలు' అని. నా పేచీ ఆ మాటతోనే. పొయ్యి వెలగకపోతే ఆ ఉద్యమం నడిచేదా? అది సాయమా, సగమా? ఆవిడకు భయం వేసిందో, విసుగొచ్చిందో ఆవిడ నోట మనం వినం. 1910లో ఆవిడ పోయారు, 1919లో ఆయన. ఇద్దరి కథా చెప్పింది ఆయనొక్కరే.

అయినా పుస్తకం తప్పక చదవండి. 'నేను' అని ఉన్నచోటల్లా కాస్త ఆగి, వంటింటి వైపు కూడా ఓ చూపు చూడండి.