తిరగని బంతి

బేస్‌బాల్ పాత అభిమానులు నలుగురు చేరితే మాట ఎక్కడ మొదలైనా చివరికి పిచర్ల మీదికే వస్తుంది. 1968లో బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చిన సంగతి ఒకరు ఎత్తుతారు. ఆ ఏడాది పిచర్ల ధాటికి బ్యాటర్లు తట్టుకోలేకపోతే, మరుసటి ఏడాది పిచర్ నిలబడే మట్టిదిబ్బనే 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు దించారు. ఇంకొకరికి 1963 జులై 2 గుర్తొస్తుంది. ఆ రోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో 42 ఏళ్ల వారెన్ స్పాన్, పాతికేళ్ల హువాన్ మరిషల్ ఎవరికెవరూ తగ్గకుండా 16వ ఇన్నింగ్స్ దాకా విసిరారు. విల్లీ మేస్ హోమ్‌రన్ కొట్టాకే ఆ మ్యాచ్ ముగిసింది. ఇప్పుడు ఆట మొదలుపెట్టిన పిచర్ ఐదారు ఇన్నింగ్స్ వేస్తే గొప్ప. ఆ తర్వాత వరసగా కొత్త చేతులు వస్తాయి, ఒక్కొక్కరూ ఉన్న బలమంతా పెట్టి విసిరి వెళ్లిపోతారు.

కాలం మారింది, ఆటా మారింది. పాతవాళ్ల బెంగలన్నిటితో నేను ఏకీభవించను. కానీ ఒక్కదాంట్లో వాళ్ల పక్షానే నిలబడతాను. అది నకుల్‌బాల్ గురించిన బెంగ. వందేళ్లకు పైగా చేతి నుంచి చేతికి అందుతూ వచ్చిన విద్య మన కళ్లముందే కనుమరుగవుతోంది.

క్రికెట్ తెలిసినవారికి ఇది చెప్పడం తేలిక. బేస్‌బాల్‌లో పిచర్ నిలబడే చోటుకూ బ్యాటర్ పక్కనుండే హోమ్‌ప్లేట్‌కూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. బంతి నేలను తాకదు కనుక పిచ్ మీది పగుళ్లో తేమో మన బౌలర్‌కు చేసే సాయం అక్కడి పిచర్‌కు లేదు. ఏం చేసినా గాల్లోనే చేయాలి. అందుకు దాదాపు అందరి ఆయుధమూ ఒకటే, బంతిని తిప్పడం. ఫాస్ట్‌బాల్ నిమిషానికి రెండు వేల చుట్లకు పైగా వెనక్కి తిరుగుతూ వస్తుంది, అందుకే బ్యాటర్ అనుకున్నంతగా కిందికి జారదు. కర్వ్‌బాల్ ముందుకు తిరుగుతూ వచ్చి కిందికి ఒంగిపోతుంది. నకుల్‌బాల్ పిచర్ వీళ్లందరికీ ఎదురు దారిలో వెళ్తాడు. బంతిని తిరగనివ్వకుండా పంపడమే అతడి సాధన.

తొలినాళ్లలో కొందరు వేళ్ల కణుపులు ఆనించి బంతిని పట్టేవారు. తర్వాత స్థిరపడినది గోళ్ల పట్టు. చూపుడు వేలు, మధ్య వేలు వంచి, ఆ గోళ్లను కుట్టు వెనక తోలులోకి దిగేలా ఆనిస్తారు. బొటనవేలు, ఉంగరపు వేలు పక్కల నుంచి పట్టి ఉంచుతాయి. విసిరేటప్పుడు మణికట్టు బిగిసి ఉండాలి, చివర్లో వేళ్లతో విదిలించకూడదు. బంతిని ముందుకు తోసినట్టు వదలాలి. అన్ని వేళ్లూ ఒకే క్షణంలో విడిపోవాలి. ఒక వేలు కాస్త ఆలస్యంగా విడిస్తే చాలు, బంతి తిరగడం మొదలుపెడుతుంది. తిరిగిన నకుల్‌బాల్ అంటే గంటకు 70 మైళ్ల వేగంతో సూటిగా వచ్చే మెత్తని బంతి. దాన్ని స్టాండ్స్‌లోకి కొట్టడం ఆ స్థాయి బ్యాటర్‌కు చిటికెలో పని. ఆర్.ఏ. డికీ 2006లో ఈ పట్టుతో తొలిసారి మ్యాచ్ మొదలుపెట్టిన రోజు ఆరు హోమ్‌రన్లు ఇచ్చాడు.

సరిగ్గా పడితే మాత్రం ఆ బంతి హోమ్‌ప్లేట్ చేరేలోపు ఒకటి రెండు చుట్లకు మించి తిరగదు. అప్పుడు పని కుట్టుది. బంతి మీద ఉబ్బెత్తుగా ఉన్న కుట్టు ఒక పక్క గాలి పొరను చెదరగొడుతుంది, నున్నటి తోలున్న రెండో పక్క గాలి మరోలా విడిపోతుంది. రెండు పక్కల ఒత్తిడిలో తేడా వచ్చి బంతి ఒక వైపుకు నెట్టబడుతుంది. బంతి నెమ్మదిగా తిరిగేకొద్దీ కుట్టు చోటు మారుతుంది, దాంతోపాటు నెట్టే దిశా మారుతుంది. టులేన్ విశ్వవిద్యాలయానికి చెందిన వాట్స్, సాయర్ 1975లో గాలి సొరంగంలో బంతిని పెట్టి కొలిచి, కుట్టు నిలిచిన తీరును బట్టి ఈ బలం ఎలా మారుతుందో చూపించారు. బంతి గాల్లో రెండు మూడుసార్లు దిక్కు మార్చిందని బ్యాటర్లు ఒట్టేసి చెబుతారు. భౌతిక శాస్త్రవేత్త అలన్ నేథన్ కెమెరా లెక్కలతో పరిశీలిస్తే, దాని దారి మిగతా బంతుల దారి లాగే నునుపుగా ఉందని తేలింది. అయితే ఏ బంతి ఎటు వంగుతుందో ముందుగా చెప్పే వీలు లేదు. బ్యాటర్‌నే కాదు, అతడి వెనక బంతిని అందుకునే క్యాచర్‌నూ విసిరినవాణ్నీ కూడా ఓడించేది ఆ అనిశ్చితే.

క్యాచర్ పాట్లు వేరే వ్యాసానికి సరిపడా ఉన్నాయి. 1987లో టెక్సాస్ క్యాచర్ జీనో పెట్రాలీ చేతుల్లోంచి 35 బంతులు జారిపోయాయి, ఎక్కువగా ఛార్లీ హఫ్ నకుల్‌బాల్‌ల వల్లే. హొయ్ట్ విల్‌హెల్మ్ బంతులు ఆపలేక బాల్టిమోర్ మేనేజర్ పాల్ రిచర్డ్స్ 1960లో ఏకంగా పెద్ద గ్లవ్ తయారు చేయించాడు. తర్వాత లీగ్ దాని కొలతకు హద్దు పెట్టాల్సి వచ్చింది. ఫిల్ నీక్రోకు క్యాచర్‌గా ఉన్న బాబ్ యూకర్ అయితే, ఈ బంతిని పట్టే మేలైన ఉపాయం అది దొర్లడం ఆపేదాకా ఆగి తీసుకోవడమేనని చెప్పి జీవితాంతం జనాన్ని నవ్వించాడు.

ఈ విద్యకు ఒక వంశవృక్షం ఉంది. గత శతాబ్దం మొదట్లో ఎడ్డీ సీకాట్ దీనితో పేరు తెచ్చుకున్నాడు. 1945లో వాషింగ్టన్ సెనేటర్స్ జట్టు ఏకంగా నలుగురు నకుల్‌బాల్ పిచర్లను వరసలో నిలిపి, అగ్రస్థానానికి ఒకటిన్నర గేముల దూరంలో ఆగింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన విల్‌హెల్మ్ 29 ఏళ్లకు గానీ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టలేదు. వచ్చినవాడు దాదాపు 50 ఏళ్ల వయసు దాకా, 1,070 మ్యాచ్‌లలో విసిరాడు.

నీక్రో సోదరుల కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒహైయో బొగ్గు గనుల్లో పనిచేసిన తండ్రి ఇంటి పెరట్లో కొడుకులకు ఈ పట్టు నేర్పాడు. పెద్దవాడు ఫిల్ 318, చిన్నవాడు జో 221 విజయాలు సాధించారు. ఫిల్ విజయాల్లో 121 నలభై ఏళ్లు దాటాక వచ్చినవే. 1985 అక్టోబర్ 6న, 46 ఏళ్ల వయసులో, టొరంటోలో 300వ విజయానికి బరిలోకి దిగిన ఫిల్ ఆ రోజు మొదటి నుంచీ మామూలు బంతులే వేశాడు. తనను నిలబెట్టిన నకుల్‌బాల్‌ను చిట్టచివరి బ్యాటర్ కోసం దాచుకున్నాడు. ఆ బ్యాటర్‌ను ఔట్ చేసింది అదే. ప్రత్యర్థి ఒక్క పరుగూ చేయలేదు. తండ్రి నేర్పిన పనికి కొడుకు ఇచ్చిన ఇంతకంటే అందమైన కృతజ్ఞత ఆటల చరిత్రలో నాకు కనిపించలేదు.

అక్కడితో ఆగలేదు. 1995లో పిట్స్‌బర్గ్ వదిలేసిన టిమ్ వేక్‌ఫీల్డ్ అనే కుర్రవాణ్ని ఈ అన్నదమ్ములు దగ్గర కూర్చోబెట్టుకుని సరిదిద్దారు. మొదట్లో అతడు పిచర్ కూడా కాదు, బ్యాటింగ్ నిలవక ఈ దారి పట్టినవాడు. బోస్టన్‌లో 17 సీజన్లు ఆడాడు. 2004 ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో జట్టు 19-8తో చిత్తవుతున్న రాత్రి, మర్నాడు మ్యాచ్ మొదలుపెట్టే తన అవకాశాన్ని వదులుకుని, అలసిన సహచరులను కాపాడేందుకు తానే బరిలోకి దిగాడు. రెండు రోజుల తర్వాత అదనపు ఇన్నింగ్స్‌లో మూడు ఇన్నింగ్స్ పరుగివ్వకుండా విసిరి గెలిపించాడు. ఆ మ్యాచ్ పదమూడో ఇన్నింగ్స్‌లో క్యాచర్ చేతుల్లోంచి మూడు బంతులు జారుతుంటే బోస్టన్ అభిమానులు ఊపిరి బిగబట్టారు. 2023 అక్టోబర్ 1న 57 ఏళ్లకే వేక్‌ఫీల్డ్ కన్నుమూశాడు. ఆ వారమంతా బోస్టన్‌లో అతడి అంకెల కన్నా అతడి మంచితనమే ఎక్కువ మాటల్లోకి వచ్చింది.

డికీకి ఇదే వేక్‌ఫీల్డ్, ప్రత్యర్థి జట్టువాడైనా, తన సాధన దగ్గరుండి చూసే అవకాశమిచ్చాడు. హఫ్, ఫిల్ నీక్రో కూడా నేర్పారు. కుడి మోచేతిలో ఉండాల్సిన ముఖ్యమైన లిగమెంట్ పుట్టుకతోనే లేని డికీ, 2012లో న్యూయార్క్ మెట్స్‌కు 20 విజయాలు సాధించి ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. నకుల్‌బాల్ పిచర్‌కు ఆ అవార్డు దక్కడం అదే మొదలు. పోటీదారులు ఒకరికొకరు రహస్యాలు చెప్పుకునే ఇలాంటి సంప్రదాయం వృత్తి క్రీడల్లో అరుదు. గురువు దొరకనివారు చూసి కూడా నేర్చుకున్నారు. జపాన్ అమ్మాయి ఎరి యోషిదా వేక్‌ఫీల్డ్ వీడియోలు చూసే సాధన చేసి, మగవాళ్ల జట్లలో విసిరింది.

మన దాకా కూడా ఈ పట్టు వచ్చింది. 2011 ప్రపంచకప్‌లో జహీర్ ఖాన్, తర్వాత సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున భువనేశ్వర్ కుమార్ వేసిన నకుల్‌బాల్‌ను మనవాళ్లు చూసే ఉంటారు. అయితే క్రికెట్‌లో దాన్ని ఎక్కువగా వేగం తగ్గించి మోసగించడానికి వాడతారు. బేస్‌బాల్‌లో జీవితమంతా దాని మీదే బతికినవాళ్లున్నారు.

మరి ఎందుకు పోయింది? వేగాన్ని కొలిచే రాడార్ మొదటి కారణం. ఇవాళ ఫాస్ట్‌బాల్ సగటు వేగం గంటకు 94 మైళ్ల దరిదాపుల్లో ఉంది. 70 మైళ్లతో విసిరే కుర్రవాడి వైపు ఏ స్కౌటూ చూడడు. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌ను 40 రౌండ్ల నుంచి 20కి కుదించారు. 2021లో మేజర్ లీగ్‌కు అనుబంధంగా ఉండే చిన్న జట్లను 120కి తగ్గించారు. నకుల్‌బాల్ కుదరడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లు గడిపే చోట్లే తగ్గిపోయాయి. ఇప్పుడు చెప్పుకోదగ్గ పేరు 2023లో శాన్‌డియేగోకు వచ్చిన మ్యాట్ వాల్డ్రన్. అతడూ దాన్ని మిగతా బంతులతో కలిపే వేస్తాడు.

మరోవైపు మోచేతి శస్త్రచికిత్సలు పెరుగుతూనే ఉన్నాయి. అంతకంతకూ వేగం కోసం పాకులాడటం, ప్రతి బంతికీ శక్తంతా ధారపోయడం గాయాలకు కారణమని మేజర్ లీగ్ తానే 2024 డిసెంబర్‌లో నివేదిక ఇచ్చింది. 45 ఏళ్ల చేతితో గెలిపించగల విద్యను పక్కనపెట్టి, పాతికేళ్లకే మోచేతులు దెబ్బతినే పద్ధతిని పెంచడం నా దృష్టిలో పొరపాటు. ప్రతి క్లబ్బూ ఒక పాత గురువును, నేర్చుకునే ఇద్దరు కుర్రవాళ్లను కొన్నేళ్లపాటు పోషించడం దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అమెరికాలో పిల్లల్ని లిటిల్ లీగ్‌కు తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వాళ్లకు ఒక్క మాట. మీ పిల్ల వేగంగా విసరలేకపోతోందని కోచ్ పెదవి విరిస్తే ఆట మాన్పించకండి. వేక్‌ఫీల్డ్ పాత మ్యాచ్ ఒకటి పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి, ఆ పట్టు పట్టి చూడమనండి.