వంగని రోలరు: గాజు తయారీలో నీటి లెక్క

రెండున్నర మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వ్యాసం, 6 సెంటీమీటర్ల మందం గోడ ఉన్న బోలు పోత ఇనుప రోలరును రెండు చివర్లా బేరింగుల మీద ఆనించామనుకుందాం. దాని బరువు 800 కిలోల పైమాటే. అంత బరువుకూ అది నడిమధ్యన వంగేది సుమారు 0.04 మిల్లీమీటర్లు. అదే రోలరు ఒక పక్క, ఎదుటి పక్క కన్నా పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే మాత్రం 0.3 మిల్లీమీటర్లు వంగుతుంది. ఎనిమిది వందల కిలోల బరువు చేసే పనికి ఏడెనిమిది రెట్లు ఎక్కువ పని పది డిగ్రీల తేడా చేసేస్తుంది.

ఈ 0.3 మిల్లీమీటర్లు గాజు ఫ్యాక్టరీలో చిన్న సంగతి కాదు. సౌర ఫలకాల మీద వేసే గాజుకు బాగా వాడుకలో ఉన్న ఒక మందం 3.2 మిల్లీమీటర్లు. అందులో హెచ్చుతగ్గులు 0.2 దాటితే సరుకు తిరగ్గొడతారు. వంగిన రోలరు తిరుగుతుంటే ప్రతి చుట్టుకూ గాజు ఒకసారి పలచబడి, ఒకసారి మందమవుతుంది. అందుకే గాజు రోలరును రూపొందించే ఇంజినీరు బలం గురించి పడే బెంగ కన్నా వేడి గురించి పడే బెంగ ఎక్కువ.

రోలరు ఇంకా ఎందుకు ఉంది?

కిటికీల గాజు దాదాపు అంతా ఇప్పుడు కరిగిన తగరం మీద తేలుతూ తయారవుతోంది. అలిస్టర్ పిల్కింగ్టన్ బృందం కనిపెట్టిన ఆ ఫ్లోట్ పద్ధతిని పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రపంచానికి చెప్పింది. అంతకు ముందు అలలు లేని మేలైన గాజు పలకలు కావాలంటే రోలర్లతో తీసి మెరుగు పెట్టడమే దిక్కు. 17వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో కరిగిన గాజును లోహపు బల్ల మీద పోసి, పైన బరువైన రోలరు దొర్లించి పలకలు తీశారు. 1847లో ఇంగ్లండులో జేమ్స్ హార్ట్లీ ఈ పద్ధతిని చవక చేసి పేటెంటు తీసుకున్నాడు. ఆ గరుకు గాజు రైల్వే స్టేషన్ల పైకప్పులకు ఎక్కింది. అదే దశకంలో, ఉక్కు తయారీతో పేరు రావడానికి ముందే, హెన్రీ బెస్సెమర్ బల్లను తీసేసి రెండు రోలర్ల మధ్యనుంచి గాజును ఎడతెగని రిబ్బనులా లాగాలని చూశాడు. ఛాన్స్ బ్రదర్స్ అనే గాజు కంపెనీ ఆ హక్కులు కొన్నది గానీ, అప్పట్లో ఆ యంత్రం వ్యాపారంగా నిలదొక్కుకోలేదు. 1892లో అమెరికాలో ఫ్రాంక్ షుమన్ గాజు మధ్యలో ఇనుప వల ఇరికించే పద్ధతికి పేటెంటు పొందాడు. 1920ల తొలినాళ్లకు అమెరికాలో ఫోర్డ్ కంపెనీ, ఇంగ్లండులో పిల్కింగ్టన్ కలిసి, కొలిమి నుంచి నేరుగా రోలర్ల మధ్యకు గాజు పారే ఎడతెగని వరుసను నడిపించాయి.

ఈ రోలర్లతో తీసిన గాజుకు ఒక లోపం ఉండేది. లోహం తాకిన చోట మెరుపు పోయి మసకబారేది. అద్దాలకు పనికి రావాలంటే రెండు వైపులా అరగదీసి మెరుగు పెట్టాల్సి వచ్చేది. ఫ్లోట్ పద్ధతి ఆ ఖర్చును తుడిచిపెట్టింది. అయితే లోహపు ముద్ర పడటమే కావలసిన చోట రోలరుకు సాటి లేదు. స్నానాలగది కిటికీకి పెట్టే పూల గాజు, చిన్న చిన్న బొడిపెల పిన్‌హెడ్ గాజు, వల గాజు ఇప్పటికీ రోలర్ల నుంచే వస్తాయి. సౌర విద్యుత్తు వచ్చాక ఈ పాత విద్యకు కొత్త గిరాకీ పుట్టింది. సిలికాన్ సెల్స్‌ను కప్పే గాజు మీద సన్నని గరుకు ముద్ర ఉంటే వెలుగు ఎగిరిపోకుండా లోపలికి వెళ్తుంది, వెనక అంటించే పొర గట్టిగా పట్టుకుంటుంది. ఇనుము అతి తక్కువగా ఉండే ఆ గాజులో ఎక్కువ భాగం జంట రోలర్ల మధ్యనుంచి వచ్చేదే. రాయలసీమలో సౌర విద్యుత్తు పార్కులు చూసినవారు ఈ రోలర్ల పనితనాన్ని ఎకరాల కొద్దీ చూసినట్టే.

వేడి ఎటు పోతుంది?

కొలిమి నుంచి గాజు ద్రవం సుమారు 1100 డిగ్రీల పైబడిన వేడితో, తేనె కన్నా చిక్కగా, రోలర్ల సందులోకి జారుతుంది. అవతలికి వచ్చేసరికి తన ఆకారం తాను నిలుపుకునేంత బిగుసుకోవాలి, అంటే 850, 900 డిగ్రీల దగ్గరికి దిగాలి. రోజుకు వంద టన్నుల వరుసలో సెకనుకు కిలోకు పైగా గాజు పారుతుంది. అది 250 డిగ్రీలు చల్లబడాలంటే మూడు వందల కిలోవాట్లకు మించిన వేడి వదలాలి. అందులో పెద్ద భాగం తీసుకునేది రెండు రోలర్లే.

రోలరు ఉపరితలం ఉండాల్సిన హద్దు చాలా ఇరుకు. మరీ వేడెక్కితే గాజు లోహానికి అంటుకుంటుంది. మరీ చల్లగా ఉంటే తాకిన చోట గాజు చర్మం ముందే బిగుసుకుని ముడతలు, సన్నటి చీలికలు వస్తాయి. కాబట్టి రోలరును వీలైనంత చల్లబరచడం గొప్ప కాదు. లోపల నీరు, బయట గాజు, నడుమ లోహపు గోడ: ఈ మూడింటి మధ్య వేడి ఒకే తీరుగా ప్రవహించేలా గోడ మందాన్ని నిర్ణయించాలి. గోడ మందం బలం కోసం మాత్రమే అనుకునేవారు పొరబడతారు. ఉపరితలాన్ని తగినంత వెచ్చగా ఉంచేది కూడా అదే.

నిమిషానికి నాలుగైదు చుట్లు తిరిగే రోలరులో ఒక చోటికి గాజు తగిలేది ప్రతి చుట్టులో ఒకటి రెండు సెకన్లు. ఆ కొద్ది సేపట్లో రోలరు చర్మం భగ్గుమని, తిరిగి గాజు దగ్గరికి వచ్చేలోపు మళ్లీ చల్లబడుతుంది. ఆ పోటు లోహంలోకి ఏడెనిమిది మిల్లీమీటర్లకు మించి పోదు. లోపలి లోహానికి తెలిసేది సగటు వేడే. తిరుగుడే రోలరుకు రక్ష. ఆగిందంటే గాజు తగిలిన పక్క ఒక్కటే కాగుతుంది, నిమిషాల్లో రోలరు ధనుస్సులా వంగుతుంది. లోహం తట్టుకోలేనంత వేడి తగిలితే ఆ వంపు మళ్లీ పోదు. అందుకే వేడెక్కించేటప్పుడూ చల్లార్చేటప్పుడూ రోలరును తిప్పుతూనే ఉండాలి. రామగుండం, ఇబ్రహీంపట్నం వంటి థర్మల్ కేంద్రాల్లో పనిచేసిన వారికి ఇది కొత్త సంగతి కాదు. టర్బైన్ ఆపేశాక కూడా షాఫ్టును గంటల తరబడి నెమ్మదిగా తిప్పేది ఈ భయంతోనే.

వంపులో రకాలు

మొదటిది ధనుస్సు వంపు. ఒక పక్క వేడి, ఎదుటి పక్క చలువ. దీని లెక్కలో లోహం గట్టిదనానికి చోటే లేదు. లోహం ఎంత వ్యాకోచిస్తుంది, రెండు పక్కల తేడా ఎన్ని డిగ్రీలు, పొడవెంత, వ్యాసమెంత అన్నవే లెక్క. పొడవు రెట్టింపైతే వంపు నాలుగింతలు. వెడల్పాటి గాజు తీయడం కష్టం అనడానికి ఇదే మూలం. వ్యాసం పెంచితే వంపు తగ్గుతుంది, కానీ బరువూ ఖర్చూ పెరుగుతాయి. ఎంత మేలైన ఉక్కు తెచ్చినా, తేడా పది డిగ్రీలుంటే వంపు ఉండి తీరుతుంది.

తిరుగుతున్న రోలరులో ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు లోపలి రంధ్రం నుంచి. లోపలి బోరు బయటి చుట్టుతో ఏకకేంద్రంగా లేకపోతే ఒక పక్క గోడ పలచన, ఎదుటి పక్క మందం. మందం పక్క నీటికి దూరమై వేడెక్కుతుంది. రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగిన బోరు చాలు, రెండు పక్కల ఉపరితలాల మధ్య ఏడెనిమిది డిగ్రీల తేడా రావడానికి. బయట అద్దంలా మెరిసే రోలరు, చల్లగా ఉన్నప్పుడు డయల్ గేజి కింద సూదంత కదలిక లేని రోలరు, వేడి మీద వంకర తిరిగేది ఇలాగే.

రెండోది పీపా ఉబ్బు. గాజు నడిమిలో పారుతుంది, చివర్లు చల్లగా ఉంటాయి. నడిమి చివర్లకన్నా 50 డిగ్రీలు ఎక్కువుంటే రోలరు వ్యాసార్ధం అక్కడ 0.09 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైదీ కిందదీ కలిపితే సందు నడిమిలో 0.18 తగ్గుతుంది, గాజు నడుమ పలచబడుతుంది. అనుభవం ఉన్న గ్రైండింగ్ పనివారు దీన్ని ముందే ఊహించి, రోలరును నడిమిలో వెంట్రుకవాసి లోతుగా తీస్తారు. చల్లగా ఉన్నప్పుడు వంకరగా ఉన్నది, పనిలోకి దిగాక తిన్ననవుతుంది.

మూడోది బిగింపు వల్ల వచ్చేది. సగటున 200 డిగ్రీలు వేడెక్కిన రెండున్నర మీటర్ల రోలరు పొడవు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు బేరింగులూ కదలకుండా బిగిస్తే ఆ ఆరు మిల్లీమీటర్లకు దారి లేక రోలరు పక్కకు వంగాలని చూస్తుంది. ఒక చివర స్థిరంగా పట్టి, రెండో చివర జారనివ్వడం అందుకే.

నాలుగోది లోహం లోపలే దాగి ఉంటుంది. పోతపోసినప్పుడు మిగిలిన బిగువులు మొదటి వేడికే విడుదలై ఆకారాన్ని మారుస్తాయి. అందుకని చివరి లేత్ పనికి ముందే రోలరును కొలిమిలో కాల్చి, నెమ్మదిగా చల్లార్చి ఆ బిగువులు తీసేస్తారు. మామూలు బూడిదరంగు పోత ఇనుముకు ఇంకో గుణం కూడా ఉంది. ఎక్కువ వేడిలో పదే పదే కాగితే దాని లోపలి కార్బన్ గ్రాఫైటుగా విడిపోయి, లోహం తిరిగి తగ్గని విధంగా ఉబ్బుతుంది. క్రోమియం వంటివి కలిపిన ఇనుమును, ఉక్కును ఎంచుకోవడానికి ఇదొక కారణం.

లోహం, నీరు

తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ స్టీలు ఎంచుకుంటే? అది పోత ఇనుము కన్నా ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది, వేడిని మాత్రం మూడో వంతు కూడా మోయదు. ఒకే వేడి ప్రవాహానికి దాని వంపు నాలుగింతలకు పైనే. రాగి వేడిని అద్భుతంగా మోస్తుంది, వంపు చాలా తక్కువ. కానీ అది మెత్తన, మీద చెక్కిన ముద్ర అరిగిపోతుంది, ఉపరితలం మరీ చల్లబడుతుంది. గాజును గట్టిపరిచే టెంపరింగ్ కొలిముల్లో వాడే సిలికా రోలర్లు దాదాపు వ్యాకోచించవు, కాబట్టి చల్లబరచకుండానే తిన్నగా ఉంటాయి. అయితే వాటి పని గాజును మోయడమే. గాజు నుంచి వేడి లాగడం వాటి వల్ల కాదు. ఇలా తూచి చూస్తే మంచి పోత ఇనుము, మిశ్రమ ఉక్కు మధ్యేమార్గంగా మిగులుతాయి.

ఇక నీరు. ఖాళీ గొట్టంలోకి నీళ్లు వదిలితే అవి కింది భాగంలో పారి, పైన గాలి, ఆవిరి చేరుతాయి. మంచి రోలరులో లోపల ఇంకో గొట్టం లేదా దిమ్మె పెట్టి, గోడకూ దానికీ మధ్య సన్నని వలయంలో నీరు వేగంగా, నిండుగా పారేలా చేస్తారు. ఒక్కో రోలరు 150 కిలోవాట్లు తీసుకుంటుంటే, సెకనుకు 7 లీటర్ల నీరు పంపితే నీటి వేడి అయిదు డిగ్రీలే పెరుగుతుంది. నీటిని ఆదా చేసి సగం పంపితే ఒక చివరకూ రెండో చివరకూ పది డిగ్రీల తేడా. పై రోలరులోకి ఒక వైపు నుంచి, కింది దానిలోకి ఎదుటి వైపు నుంచి నీరు పంపితే గాజుకు రెండు అంచుల్లోనూ చల్లదనం సరిసమానమవుతుంది.

నీటి మోతాదుతో పాటు నీటి నాణ్యత కూడా లెక్కే. బోరు నీళ్లు కాచే గీజరులో తెల్లటి పెంకు కట్టినట్టే రోలరు లోపలా కడుతుంది. ఒక్క మిల్లీమీటరు పెంకు రెండు మూడు సెంటీమీటర్ల ఇనుప గోడంత అడ్డుకుంటుంది. అదీ అన్ని చోట్లా ఒకేలా కట్టదు గనుక, కట్టిన పక్కకే వంపు. కాఠిన్యం తీసిన నీటిని మూసిన గొట్టాల్లో తిప్పుతూ వాడటం, కరెంటు పోతే ఎత్తు మీది ట్యాంకు నుంచి నీరు దానంతట అదే దిగేలా చూడటం ఈ వృత్తిలో రాజీ లేని నియమాలు.

వంపును పట్టుకునే విద్య

గాజు మీద మందం తేడా ఎంత దూరానికి ఒకసారి తిరిగి వస్తుందో టేపుతో కొలిస్తే రోగం తెలుస్తుంది. 94 సెంటీమీటర్లకు ఒకసారి వస్తే 30 సెంటీమీటర్ల రోలరు వంగినట్టు. పైదీ కిందదీ కొద్ది తేడా వ్యాసాలతో ఉంటే తప్పు ఏ రోలరుదో కూడా ఆ కొలతే చెబుతుంది. నిలువునా ఒకే చోట పలచగా ఉంటే పీపా ఉబ్బు. ఒక అంచు నుంచి రెండో అంచుకు క్రమంగా మారుతుంటే నీటి ప్రవాహం చాలట్లేదు, లేదా సందు సరిగా లేదు. యంత్రం విప్పక ముందే ఇంత తెలుస్తుంది.

ఈ విద్య విలువ గాజుతో ఆగదు. బెస్సెమరే ద్రవ ఉక్కును రెండు చల్లని రోలర్ల మధ్య పోసి నేరుగా రేకు తీయాలని కలగన్నాడు. ఆ కల వ్యాపారంగా పండటానికి నూరేళ్లకు పైనే పట్టింది. ప్లాస్టిక్ ఫిల్మ్, కాగితం, అల్యూమినియం రేకు తీసే చోట్లా ఇవే లెక్కలు. అన్నిటా పాఠం ఒక్కటే: రోలరు తిన్నదనం లేత్ మీద పుడుతుంది, కానీ దాన్ని ప్రతి నిమిషమూ నిలబెట్టాల్సింది వేడిని సమంగా పంచే ఏర్పాటు.

మన దేశంలో సౌర గాజు వరుసలు పెరుగుతున్న ఈ రోజుల్లో రోలరు కొనేవారు ముందు లోహం పేరు, ధర అడుగుతారు. వాటికన్నా ముందు అడగాల్సినవి మూడున్నాయి. గోడ మందం చుట్టూ ఎన్ని చోట్ల కొలిచారు? లోపల వేడి నీరు నింపి తిప్పుతూ గేజి పెట్టి చూశారా? నీరు లోపలికీ బయటికీ మధ్య ఎన్ని డిగ్రీల తేడాతో నడుస్తుంది? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు ఇవ్వలేని రోలరు ఎంత మెరిసినా, దాని తిన్నదనం చల్లగా ఉన్నంతసేపే.