ఎరుపెక్కిన పెళ్లి ఫొటోలు

హిమాయత్‌నగర్ నుంచి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి దాకా పాత ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతూనే ఉన్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీంచి దిగే సామాన్లలో పెళ్లి ఆల్బమ్ ఒకటి ఉండక తప్పదు. 1970లు, 80ల నాటిదైతే అందులో ఫొటోలు చాలావరకు ఎర్రబారి ఉంటాయి. పెళ్లికూతురు పట్టుచీర ఎరుపంటే సరే, పెళ్లికొడుకు జుట్టు కూడా ఎర్రగానే కనిపిస్తుంది.

తప్పు ఫొటో తీసినవాడిది కాదు, కాగితానిది. కలర్ ప్రింటులో సయాన్, మెజెంటా, యెల్లో అని మూడు అద్దకాలు పొరలుగా ఉంటాయి. సయాన్ పని ఎర్రటి కాంతిని మింగడం. ఆనాటి చాలా కాగితాల్లో, ఆల్బమ్ మూసి చీకట్లో దాచినా సరే, ముందుగా వెలిసిపోయేది సయానే. అది పలచబడ్డాక ఎరుపుకు అడ్డు లేదు.

ఆ ఫొటోను స్కాన్ చేస్తే ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు వస్తాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు. ఏ అంకె ఎన్ని చుక్కలకు పడిందో లెక్కకట్టి గీసిన పటమే హిస్టోగ్రామ్. నల్లని జుట్టున్న ఫొటోలో మూడు పటాలూ సున్నా దగ్గరే మొదలవ్వాలి. వెలిసిన ఫొటోలో ఎరుపు పటం మాత్రం ఎక్కడో 95 దగ్గర మొదలై 250 దగ్గర ముగిసిందనుకుందాం. ప్రతి అంకెలోంచి 95 తీసేసి, మిగిలినదాన్ని 255తో హెచ్చించి 155తో భాగిస్తే 95 సున్నా అవుతుంది, 250 కాస్తా 255 అవుతుంది, 172 ఉన్నది 127కి దిగుతుంది. మిగతా రెండు రంగులకూ వాటి వాటి హద్దులతో ఇదే లెక్క. నార్మలైజ్ చేయడమంటే ఇంతే.

కోడ్ రాయడానికి నాలుగు వరుసలు చాలు, తప్పు చేయడానికి ఒక్కటి చాలు. కొసన ఉన్న అంకెను నమ్మకూడదు. ఒక దుమ్ముకణమో, ముక్కుపుడక మీద మెరిసిన ఫ్లాషో ఆ హద్దును తేల్చేస్తుంది. అందుకే రెండు కొసల్లోనూ అరశాతమో ఒక శాతమో చుక్కలను వదిలేసి హద్దు పెడతారు. ఇక్కడే ఇంకో చిక్కు. పైథాన్‌లో నంపై వాడి ఎనిమిది బిట్ల అంకెలతోనే తీసివేత చేస్తే, 90లోంచి 95 పోతే మైనస్ 5 రాదు, 251 వస్తుంది. నల్లటి జడ నిండా ఎర్రటి మిణుగురులు! ముందే దశాంశాల్లోకి మార్చి, లెక్క అయ్యాక 0 కంటే తగ్గినదాన్ని 0గా, 255 దాటినదాన్ని 255గా పెట్టాలి. ఓపెన్‌సీవీతో ఫొటో తెరిస్తే రంగుల వరుస నీలం, ఆకుపచ్చ, ఎరుపు అని తిరగబడి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ విద్య కంప్యూటర్‌లో ఫొటోలు దిద్దడం కంటే పాతది. కలర్ ల్యాబుల్లో ప్రింటింగ్ మెషీన్ ముందు కూర్చున్న ఆపరేటర్ నెగెటివ్ చూసి సయాన్, మెజెంటా, యెల్లో, డెన్సిటీ మీటలను మెట్టు పైకో కిందికో నొక్కేవాడు. మెషీన్ సొంతంగా చేసే సవరణకు కొడాక్‌లో పనిచేసిన రాల్ఫ్ ఎవాన్స్ 1951లో పేటెంటు పొందాడు. ఏ దృశ్యంలోనైనా రంగులన్నిటినీ సగటు కడితే బూడిదరంగే వస్తుందన్నది ఆయన సూత్రం. రకరకాల రంగులు కలగలిసిన ఫొటోకు అది బాగానే పనిచేస్తుంది. కానీ పసుపు, కుంకుమ, బంతిపూలు, ఎర్రటి పందిరి గుడ్డ నిండిన మన పెళ్లికి సగటు బూడిదరంగు ఎలా అవుతుంది? మన పెళ్లి ఫొటోలను ఆ సూత్రానికి వదిలేస్తే పాడవుతాయి. అప్పుడు దిద్దింది ఆపరేటర్ కన్నే.

కోడ్‌కూ ఇదే గండం. తలంబ్రాలను దగ్గరగా తీసిన ఫొటో తీసుకోండి. పసుపు కలిపిన బియ్యంలో నీలం తక్కువ. ఆ ఫొటోలో నీలం గరిష్ఠం 120 అనుకుందాం. మూడు రంగులను విడివిడిగా సాగదీసే కోడ్ ఆ 120ని 255 చేసేస్తుంది. పసుపు తలంబ్రాలు కాస్తా తెల్లబియ్యం అయి కూర్చుంటాయి. లెక్క తప్పలేదు, ఫొటో తప్పింది.

దీనికి మందు అదే ఆల్బమ్‌లో ఉంది. ఎర్ర అంచు తెల్ల మధుపర్కాలు కట్టుకున్నాక తీసిన ఫొటో ఒకటి ఉంటుంది కదా, దాన్ని ముందు దిద్దాలి. పసుపు అంటని మడత మీద తెలుపు హద్దు, జుట్టు మీద నలుపు హద్దు మూడు రంగులకూ కొలిచి, అవే అంకెలను తలంబ్రాల ఫొటోకూ వాడాలి. ఒకే రోల్, ఒకే కాగితం, ఒకే అటక కాబట్టి వెలిసిన తీరూ ఇంచుమించు ఒకటే. అయినా ముఖాల రంగు కాస్త తేడాగానే ఉండొచ్చు. అద్దకం వెలిసే తీరు ఈ సరళరేఖ లెక్కకు పూర్తిగా లొంగదు. మధ్య ఛాయలను గామాతో కొంచెం జరపాలి, అది కంటితో చేయాల్సిన పని.

పాత పత్రికల పేజీలకు ఇంత గొడవ లేదు. పసుపు బారిన కాగితం ఒకప్పుడు తెల్లనిదే, సిరా నల్లనిదే. రెండు హద్దులూ తెలిసినవే కాబట్టి గుడ్డిగా సాగదీసినా ఫలితం బాగుంటుంది.

బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల సంగతి వేరు. వాటిలో కంటికి కనిపించని పరారుణాన్ని ఎరుపుగా చూపించడం మామూలే. చెట్లు ఎర్రగా, హుస్సేన్‌సాగర్ నీళ్లు నల్లగా కనిపిస్తాయి. చూడ్డానికి ఎంతైనా సాగదీసుకోవచ్చు. పచ్చదనం సూచీ కట్టాలంటే మాత్రం సాగదీసిన అంకెలు పనికిరావు, ఎందుకంటే పరారుణానికీ ఎరుపుకూ ఉన్న నిష్పత్తే ఆ సూచీకి ఆధారం. విడివిడిగా లాగితే అదే చెడుతుంది.

మీ ఇంట్లో అలాంటి ఆల్బమ్ ఉంటే స్టూడియోకు ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పండి: ‘ఆటో కలర్’ ఆపి స్కాన్ చేయమని, జేపెగ్ కాకుండా టిఫ్ ఫైలు ఇమ్మని. దిద్దుబాటు ఎప్పుడూ నకలు మీదే చేయండి.