బొమ్మ మీద నల్లపట్టీ

పాత బ్లాక్ అండ్ వైట్ టీవీలో బొమ్మ మీద ఒక నల్లపట్టీ పడి, నింపాదిగా పైకో కిందికో పాకుతూ ఉంటుంది. పక్కన గుయ్‌మని సన్నని హమ్ము. చూసేవాడికి విసుగు. మెకానిక్కుకు మాత్రం అది ముచ్చటైన రాత.

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. మన పాత టీవీ తెరను పైనుంచి కిందికి గీసుకొచ్చేదీ సెకనుకు 50 సార్లే. రెండు లెక్కల మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది చూడండి, ఆ తేడాయే పట్టీకి నడక. కరెంటును ఒకే దిక్కుకు పంపే డయోడు ఒక్కటే ఉండి, సగం అలను వాడుకునే సెట్టులో ఒక పట్టీ. నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఉంటే అలలు సెకనుకు 100, పట్టీలు రెండు. రెండుండాల్సిన చోట ఒకటే కనిపిస్తే బ్రిడ్జిలో ఒక డయోడు తెగిందేమోనని అనుమానించాలి. వెనక మూత విప్పకుండానే లోపలి సంగతి తెర మీద చదివేయొచ్చు!

హైదరాబాదు ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ అయినా, మద్రాసు సాలిడైర్ అయినా వయసు మీద పడితే ముందు నీరసించేది తరచు ఆ అలలను చదును చేసే కండెన్సరే, పట్టీ పడేది అందుకే. అల్యూమినియం రేకు, దాని మీద కంటికానని ఆక్సైడు పొర, రసాయనం పీల్చుకున్న కాగితం, అంతే లోపల. ఏళ్ల తరబడి వేడికి ఆ తడి ఆరిపోతుంది. కోనసీమలో ఇదో వింత. చుట్టూ గోదావరి పాయలు, కాలవలు, చెరువులు. ఉప్పుగాలికి చాసిస్ అంతా తుప్పు. ఇంత చెమ్మ మధ్యన కండెన్సరు మాత్రం ఎండి చస్తుంది.

అది బతికున్నన్నాళ్లూ చేసిన పని ఎంత అందమైనది! అల శిఖరంలో ఉండగా నింపుకుంటుంది, అల పడిపోగానే ఇచ్చేస్తుంది. వరదొచ్చినా తగ్గినా కాలవ మట్టం చెడకుండా ధవళేశ్వరం ఆనకట్ట కాసినట్టు.

కొత్తవి వేసేటప్పుడే అసలు రసజ్ఞత తెలిసేది. పెద్ద కండెన్సరు వేస్తే ఇంకా బాగుంటుందనుకుంటాడు కొత్తవాడు. స్విచ్ వేసిన క్షణాన అది గుటుక్కున లాగే కరెంటుకు పాపం డయోడు బలి. పాత విదేశీ సెట్లలో డయోడు పని చేసే సెలీనియం పలకలు తీసి సిలికాన్ డయోడు పెడితే మరో చిక్కు: సిలికాన్ తనలో దాదాపు ఏమీ పోగొట్టుకోదు, లోపల వోల్టేజి పెరిగిపోతుంది. అందుకని వరసలో ఒక రెసిస్టరు కట్టి దాని దూకుడు తగ్గిస్తారు. ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఈ చిన్న రెసిస్టరులో నాకు కనిపిస్తుంది.

అన్నట్టు, 230 వోల్టుల అల శిఖరం 325 దాకా వెళుతుంది. ప్లగ్గు పీకినా కండెన్సరులో ఆ కసి మిగిలి ఉండొచ్చు. రెసిస్టరు గుండా దించేసి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి.

కొందరు పాత కండెన్సరు డబ్బాను కోసి, లోపలిది తీసేసి, కొత్త కండెన్సరును అందులో దాచి అతికిస్తారు. పనితనం గొప్పదే, కాదనను. నాకు మాత్రం ఆ దాపరికం రుచించదు. పాతదాన్ని వైర్లు విడదీసి పైన అలాగే నిలబెట్టి, కొత్తదాన్ని చాసిస్ అడుగున కనబడేలా కట్టి, పక్కన తేదీ రాయాలి. రేపు విప్పే మెకానిక్కుకు ఎక్కడ చెయ్యి పడిందో తెలియాలిగా.